‘రాసియ్యి సారూ’ అన్న మా మేనత్త

మా మేనత్త పోయింది. మణికొండలో రోడ్డు దాటుతుంటే ఒక కారు గుద్దింది. నడిపిన యువకుడికి మంచి ఉద్యోగమే ఉంది. కారుకు మాత్రం బీమా లేదు. “రెన్యూవల్ మర్చిపోయానండి,” అన్నాడు దవాఖాన వరండాలో తల దించుకుని. ఫోన్ రీచార్జి అయిపోతే వీళ్లు ఒక్క పూట ఆగగలరా? నాకు ఏడుపు కంటే ముందు కోపమే వచ్చింది. అలా కోపం తెచ్చుకోవడం అత్త దగ్గరే నేర్చుకున్నాను.

ఆమె నర్సు. పుప్పాలగూడలో పుట్టి పెరిగిన మనిషి. తెలంగాణ ఉద్యమం రోజుల్లో డ్యూటీ దిగి నేరుగా ధర్నాకు వెళ్లి కూర్చునేది. ఒక బంద్ నాడు ఐసీయూలో మనుషులు లేరని ఫోనొస్తే కారు తీసింది. మియాపూర్ దగ్గర గుంపు అడ్డుపడింది. ఆమెను దింపేసి కారు తగలబెట్టారు. అత్త నడిచి వెళ్లి డ్యూటీ చేసింది. పోలీసులకు ఫిర్యాదు, బీమా కంపెనీకి కబురు, రెండూ ఆ రోజే అయ్యాయి.

తర్వాత హైటెక్ సిటీలోని బీమా ఆఫీసుకు నేనూ తోడు వెళ్లాను. ఆఫీసరు కాగితాలు తిరగెయ్యకుండానే అన్నాడు, “బంద్ అని తెలిసీ బండెందుకు తీశారండీ? క్లెయిమ్ రాదు. అయినా తగలబెట్టింది మీ వాళ్లే కదా.”

అత్త ముఖం ఎర్రబడింది.

“తెలంగాణ గావాలన్నోళ్లంత బండ్లు కాలవెట్టేటోళ్లేనా సారూ? కాలవెట్టినోళ్లను నేను గూడ తిడుతున్న. గని నేను కట్టింది ఫుల్ ఇన్సూరెన్స్. అల్లర్లల్ల కాలినా ఇస్తమని మీ పాలసీలనే ఉన్నది. ఇయ్యనంటే ఎందుకియ్యవో రాసియ్యి.”

“రాసివ్వడం కుదరదండీ. సగానికి సెటిల్ చేసుకోండి. ఇక్కడ సంతకం పెట్టండి.”

“సంతకం వెడితే మిగిలింది ఇగ అడగరాదు. గది నాకెర్కే. నోటిమాట వద్దు, రాసియ్యి.”

ఆఫీసు మూసేదాకా అత్త కుర్చీలోంచి కదల్లేదు. చివరికి రాసిచ్చారు. బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దగ్గరికి ఆ కాగితంతో వెళ్లింది. ‘మీ వాళ్లే’ అన్న మాట అక్కడ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. కంపెనీ పూర్తిగా చెల్లించింది. అయినా అత్త చల్లబడలేదు. “పైసలిచ్చిండ్రు సరే, గా మాటకు మాఫీ అడిగిండ్రా?” అనేది.

కొత్త కారు కొన్నవాళ్లు ఎవరు కనిపించినా వదిలేది కాదు. “బీమా నీ బండి కోసమే గాదు బిడ్డా. రేపు నువ్వు ఎవల్నన్న గుద్దితే, ఆళ్ల ఇంటి కోసం.”

ఇప్పుడు ఆమె చెప్పిన ఆ ఇల్లు ఆమెదే అయింది. గుద్దిన కారుకు బీమా లేదు గనక, నష్టపరిహారం ఆ యువకుడి దగ్గరే రాబట్టుకోవడానికి మామ కోర్టు చుట్టూ తిరగాలి.

నిన్న మామ అత్త కారు తియ్యబోయాడు. ఆమె పొట్టి మనిషి. సీటు స్టీరింగుకు బాగా దగ్గరగా జరిపి ఉంది. మామ మోకాళ్లు ముడుచుకుని అందులోనే ఇరుక్కుని కూర్చున్నాడు.

“సీటు ఎనుకకు జరుపుకో మామా,” అన్నాను.

తాళంచెవి చేతిలోనే ఉంది. జరపలేదు.