బేగం బీ సగం

కొత్తవాడలో పెద్ద జంపఖానా నేయాలంటే మగ్గం దగ్గర ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. పూల నమూనా అయితే ఎవరి సగంలో పూలు వారివే, ఎవరి రంగు దారాలు వారివే. మా వీధి రాజక్క పక్కన ఏళ్ల తరబడి బేగం బీ కూర్చునేది. చేతులు ఆడినంతసేపూ ఇద్దరి నోళ్లూ ఆడేవి. ఎవరింట్లో కోడలు అలిగిందో మాకంటే ముందు ఆ మగ్గానికే తెలిసేది. రాజక్కకు పిల్లల్లేరు, భర్త పోయి చాలాకాలమైంది. ఫోను నిండా ఎవరెవరో పంపిన గుడ్ మార్నింగ్ పూలే. మాట్లాడడానికి మాత్రం బేగం బీ ఒక్కతే.

నిరుడు బేగం బీకి చూపు మందగించింది. నీలానికీ నలుపుకీ తేడా తెలియక పువ్వుల్లో రేకులు తారుమారు చేసేది. ఆ సంగతి చెబితే ఇక మగ్గం దగ్గరికి రావడమే మానేస్తుందని రాజక్కకు భయం. అందుకని నోరు మూసుకుని, బేగం బీ ఇంటికి వెళ్లగానే ఆమె నేసిన పూలు విప్పేసి సరైన రంగులతో మళ్లీ నేసేది.

“నిన్నటి పువ్వు మంచిగచ్చిందా, రాజక్కా?” అని తెల్లారి బేగం బీ అడిగేది.

“నీ చేతికేమైందే? మస్తుగచ్చింది.”

బేగం బీ మురిసిపోయేది. నాకు చూడబుద్ధి కాక ఒకసారి, “ఎన్నొద్దులు దాస్తవక్కా?” అన్నాను. “నీ పని నువ్వు జూస్కో” అని కసిరింది. ఒళ్లు మండి వచ్చేశాను.

ఒక సాయంత్రం బేగం బీ మరిచిపోయిన ఫోను కోసం వెనక్కి వచ్చింది. రాజక్క ఒళ్లో విప్పిన దారాల కుప్ప ఉంది. బేగం బీ వంగి, తన పువ్వు ఉండాల్సిన చోట వేళ్లతో తడిమింది.

“ఎప్పటిసంది?” అని మాత్రం అడిగింది. ఫోను తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు బేగం బీ రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

రాజక్క ఒక్కతే నేయగలిగే, కూర్చోడానికి పరుచుకునే చిన్న పట్టాలు మొదలుపెట్టింది. పగలంతా మగ్గం చప్పుడు తప్ప ఆ ఇంట్లో మనిషి గొంతు వినబడేది కాదు. వెళ్లి పిలవని ఆ మొండితనం చూస్తే నాకు కోపమూ వచ్చేది, జాలీ వేసేది. చివరికి ఉండబట్టలేక, రాజక్క నన్ను వెంటబెట్టుకుని బేగం బీ ఇంటికి బయల్దేరింది.

బేగం బీ మొహం తిప్పుకోలేదు. కూర్చోమని, చాయ్ పెట్టి ఇచ్చింది. రాజక్క ఒక గుక్క తాగి, “మంచిగున్నదే” అంది. ఆ మాటతోనే ఏడుపు తన్నుకొచ్చింది.

“చెప్తే నువ్వు రావని భయపడ్డనే. గందుకే దాసిన.”

“చెప్తే, నెయ్యకున్నా ఊకెనే అచ్చి నీ పక్కన కూసుందు గద, రాజక్కా. నీ తోటి మాట్లాడనీకే గద నేనచ్చేది.”

“ఐతే ఇప్పుడన్న రా.”

బేగం బీ తన కప్పు కింద పెట్టింది.

“రావాలనే ఉన్నది. గానీ ఇప్పుడు నువ్వు చాయ్ మంచిగున్నదన్నా, నిజంగనే అంటానవా, నా మనసు కోసం అంటానవా అని ఫికర్ అయితాంది. గట్ల పక్కన కూసుండి ఏం ముచ్చట పెట్టుకుంటం, అక్కా?”

రాజక్క చాయ్ పూర్తిగా తాగింది. మంచిగున్నదని మళ్లీ అనలేకపోయింది.