కూర్చోబెట్టి కొలిచిన ఊరు

తాత పోయాడన్న కబురు నాకు వాళ్ళింటి నుంచి రాలేదు. మిర్యాలగూడ బస్టాండులో సూర్యాపేట బస్సు కోసం నిలబడి ఉంటే మరియమ్మ ఫోన్ చేసింది. "పాపా, తాత లేడంట. పొద్దున చాయ్ తాగి కాసేపు పడుకుంటానని పడుకున్నాడంట. మళ్ళీ లేవలేదంట" అంది. ఆమె వెనక ఎవరో ఏడుస్తున్నారు, నా పక్కన కండక్టరు "పేట, పేట" అని కేకలు వేస్తున్నాడు. ఆయన కొడుకు నాకు ఫోన్ చేసింది గంట తర్వాత. ఎదురింటి కబురు కోదాడ అవతల మరియమ్మ ఉండే కాలనీ మీదుగా తిరిగి నన్ను చేరింది. ఆయన బతికిన తీరు తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు.

నాకు ఆయన రక్తసంబంధం కాదు. సూర్యాపేటలో మా ఇంటికి ఎదురిల్లు. సర్వే ఆఫీసులో చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. సర్వేయరు గొడుగు కింద నిలబడి కాగితం మీద గీస్తుంటే, ఎండలో, ముళ్ళల్లో కొలత గొలుసు లాక్కుంటూ నడిచేవాడు చైన్‌మన్. ఉద్యోగం అయిపోయినా ఆయన కాళ్ళు కొలవడం మానలేదు. పెళ్ళికి తీసుకెళితే భోజనం బాగుందో లేదో చెప్పడు, పందిరి ఎన్ని అడుగులో చెబుతాడు. దవాఖానలో మా నాన్నను చూడటానికి వచ్చినప్పుడు కూడా, మంచం దగ్గర నుంచి బాత్రూం దాకా నడిచి, "పద్దెనిమిది అడుగులు. పట్టుకోనీకి గోడ ఉన్నది, పరేషాన్ గాకు" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఓదార్పంటే ఆయనకు తెలిసింది అంతే. మా నాన్నకు అది సరిపోయింది కూడా.

చెవి వెనక ఎప్పుడూ పెన్సిలు ఉండేది. పెన్ను ముట్టేవాడు కాదు. "మనుషుల సంగతి తుడుపొచ్చేటట్టు రాయాలె పిల్లా" అనేవాడు. నేను డిగ్రీ అయ్యాక మూడేళ్ళలో నాలుగు ఉద్యోగాలు మారాను. ప్రతిసారీ మా అమ్మ ఏడ్చేది. ఆయన మాత్రం, "నీకు హద్దురాళ్ళు పాతలేదు దేవుడు. కానియ్, తిరుగు. యాడనో ఒకాడ ఆగుతవ్" అని నవ్వేవాడు.

ఒక వానాకాలం కోదాడ అవతల ఒక వాగు పొంగి, ఒడ్డున ఉన్న ఇరవై నాలుగు ఇళ్ళ పల్లెను ఊడ్చేసింది. నెలంతా పడాల్సిన వాన ఒక పగలూ ఒక రాత్రీ పడింది. వాతావరణం మారిపోయిందని పేపర్లు రాశాయి. తాత పేపరు మడిచి, "నేను గొలుసు లాగినప్పుడు వాగు గాడ ఉండె. హద్దురాళ్ళు జరగలే, వాగే జరిగింది. ఇగ పాత నక్షా పట్టుకొని ఏం జేస్తం?" అన్నాడు. మర్నాడు నేను దుప్పట్ల మూటతో స్కూటీ తీస్తుంటే, అడగకుండానే వచ్చి వెనక కూర్చున్నాడు. చేతిలో టేపు.

ఆ జనం పక్క ఊరి స్కూల్లో తలదాచుకున్నారు. ఇళ్ళు పోయాయి, పొలాల్లో మోకాలెత్తు ఇసుక మేట వేసింది. మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు. ఎందుకంటే ఏ గోడ వెనక ఎవరు పడుకుంటారో పక్కింటికి తెలుసు. అందరికన్నా దిగువన, వాగును ఆనుకుని మరియమ్మ ఇల్లు. ఆమె అత్తకు కళ్ళు కనిపించవు. తెల్లవారుతుండగా నీళ్ళు నడుముదాకా వస్తే, పై వరసలో ఉండే సైదమ్మ దిగివచ్చి ఆ ముసలమ్మను వీపున వేసుకుని గట్టెక్కించింది. ఈ సంగతి ఎవరు చెప్పినా తాత మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకునేవాడు.

కొన్ని వారాలకు ప్రభుత్వం రోడ్డు దగ్గర ఎత్తు మీద జాగ చూపించింది. ఇంటికి ముప్పై అడుగుల వెడల్పు చొప్పున, వరసకు ఏడు, మూడు వరసలు. మిగిలిన మూడు ప్లాట్లు కిందికి, వాన నీళ్ళు పారే ఒర్రె పక్కకు పడ్డాయి. వానొస్తే ఆ ఒర్రెలో నీళ్ళు ఎటు పొర్లుతాయో గడ్డి వాలిన తీరు చూసి తాత చెప్పేశాడు. సోమవారం చీటీలు తీసి ఎవరి ప్లాటు వాళ్ళకు ఇస్తామన్నారు ఆఫీసరు సారు.

నాకది న్యాయంగానే అనిపించింది. "చీటీ తీస్తే అందరూ సమానమే కదా తాతా?"

"సమానమే. గని చీటీకి ఎవరి గోడ ఎవరిదో ఎరుకనా? గా ముసలామె పక్కన మొకం తెల్వనోళ్ళు పడితే, రేపు నీళ్ళొస్తే ఎవరు మోస్తరు?"

ఆదివారం పొద్దున అందర్నీ స్కూలు గ్రౌండులోకి పిలిచాడు. "మీ ఇల్లు ఊళ్ళె యాడ ఉండెనో, గీడ గట్లనే కూసోండ్రి. బాట ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక ఇల్లు కూర్చుంది, దాని పక్కన ఇంకో ఇల్లు. బోరింగు ఉన్న చోట ఎవరో గ్లాసు బోర్లించారు. "జర జరుగే, మా అరుగు మీద కూసున్నవ్" అని ఒకామె కసిరింది. "మీ అరుగెప్పుడూ మా బాట మీదికే ఉండె, ఇప్పుడన్న ఎనక్కి జరుపు" అని ఎదురింటామె. ఇన్ని వారాల్లో వాళ్ళు నవ్వగా వినడం అదే మొదలు. కొట్టుకుపోయిన ఊరు, మనుషులతో, నేల మీద మళ్ళీ లేచింది. తాత టేపు పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ, పెన్సిలుతో రాసుకుంటూ, పెళ్ళికొడుకు తండ్రిలా మురిసిపోతున్నాడు. నేను ఫోన్లో ఫొటోలు తీస్తున్నాను. ఎంత గొప్ప పని జరుగుతోందో అనుకుంటూ.

మరియమ్మ కుటుంబం ఎక్కడ కూర్చుందో ఇద్దరం చూడలేదు.

గ్రౌండు చివర, నీళ్ళ ట్యాంకు కారి బురదైన చోట మూడు కుటుంబాలు కూర్చున్నాయి. అంటరానితనం రోజుల్లో వాళ్ళ తాతలకు ఊరు చూపించిన చోటు ఇక్కడ ఆ మూలకు పడింది, ఊరికి దిగువన, వాగు ఒడ్డున. ఉన్నది ఉన్నట్టు కూర్చోమన్నారు కాబట్టి వాళ్ళు అలాగే కూర్చున్నారు. ముసలమ్మ బురదలో గొంతుక్కూర్చుని ఉంది. మరియమ్మ లేచి నిలబడింది. ఆమెది మఠంపల్లి వైపు పుట్టిల్లు, మాట కాస్త ఆంధ్రా వైపు మొగ్గుతుంది.

"తాతా, అక్కడ కూడా ఇట్లాగేనా? ఉన్నది ఉన్నట్టు కొలిస్తే మేం మళ్ళీ ఒర్రె పక్కకే పోతాం. అంతకన్నా సారు చీటీలే నయం. చీటీకి మేమెవరమో తెలియదు."

తాత టేపు చుట్టాడు. వరసలు దాటుకుంటూ ఆ బురద దాకా నడిచాడు. ఈసారి అడుగులు లెక్కపెట్టినట్టు లేదు. ఆమె ముందు నిలబడి, "తప్పు కొలిచిన, బిడ్డా" అన్నాడు. "నలభై ఏండ్లు ఉన్నది ఉన్నట్టు కొలుసుడే నా పని. ఉండాల్సింది కొలుసుడు ఎన్నడు నేర్వలే." జేబులోంచి రబ్బరు తీసి, రాసిందంతా అక్కడే తుడిపేశాడు. నేను కూడా ఫొటోలు తీయడం ఆపాను.

"ఇప్పుడు చెప్పు. నీ పక్కకు ఎవరుండాలె?"

మరియమ్మ సైదమ్మ వైపు చూసింది. "మా అత్త ఆమె వీపు మీద బతికింది. నాకు అడగడానికి సిగ్గు లేదు. ఆమెకు ఒప్పుకోవడానికి ఎట్లా ఉంటుందో."

సైదమ్మ భర్త గొణిగాడు. "ఇప్పుడు గవన్ని ఎందుకు..."

"నువ్వాగు" అంది సైదమ్మ. "ముసలామెను మోసిననాడు నా ఈపుకేం కాలే, గోడకేమైతది? ఓ మరియమ్మా, ముందుగల గా బురదలకెంచి లే. అత్తను పట్టుకొని రా. నేను జరిగిన." నిజంగానే కొంగు దులిపి, పక్కకు జరిగి, నేల మీద చేత్తో తట్టి చూపించింది.

తాత అప్పటికే లెక్కలో పడ్డాడు. తలా నాలుగడుగులు వదులుకుంటే, ముప్పై ఇరవై ఆరు అవుతుంది, ప్రతి వరసలో ఏడింటి చోట ఎనిమిది పడతాయి. ఒర్రె పక్కన ఎవరూ ఉండక్కర్లేదు. మూడు కుటుంబాలు, అందులో ఒకటి మరియమ్మ తోడికోడలిది, మూడు వరసల్లో కలుస్తాయి. "మీ తోడికోడలు ఇంకో వరసకు పోతది మరి" అంటే, "పోనీ తాతా, దేవుడు నా మొర విన్నాడు" అంది మరియమ్మ. ఆ తోడికోడలు కూడా నవ్వింది.

అందరూ నవ్వలేదు. "నాలుగడుగులు పోతే మా బర్రెను యాడ కట్టెయ్యాలె?" అని ఒక పెద్దమనిషి లేచాడు. "కింద మూడు జాగలు ఖాళీగా ఉన్నయ్ కదనే. బర్రెకు ఈత వస్తది" అన్నాడు తాత. నాలుగడుగులు ఆ పెద్దమనిషి బాధ కాదని, తన పక్కకు ఎవరు వస్తున్నారన్నదే బాధ అని గ్రౌండులో అందరికీ తెలుసు. అందరూ ఒప్పుకున్నట్టు రాసిన కాగితం మీద ఆ ఒక్క సంతకం కోసం తాత మూడుసార్లు ఆయన దగ్గరికి తిరిగాడు. నేను దూరంగా స్కూటీ దగ్గర నిలబడేదాన్ని. లోపల ఏం మాట్లాడాడో నాకు ఎప్పుడూ చెప్పలేదు. మూడోసారి కాగితం మీద సంతకం ఉంది. ఆ పెద్దమనిషి తర్వాత అందరికన్నా ఎత్తుగా ప్రహరీ కట్టుకున్నాడు. "కట్టుకోనీ. గోడ ఎత్తు గాదు, నేల ఎత్తు ముఖ్యం" అన్నాడు తాత. ఇరవై నాలుగు సంతకాలు చూసి ఆఫీసరు సారు చీటీల డబ్బా పక్కన పెట్టారు.

ఇళ్ళతో కడుపు నిండదు కదా. కాలనీ వెనక పదెకరాల మెట్ట చెలక మిర్యాలగూడ రైస్ మిల్లు ఆసామిది, సాగు లేక పడావు పడి ఉంది. దాన్ని ఆ కుటుంబాలకు కౌలుకు ఇమ్మని అడగడానికి నన్ను తీసుకెళ్ళాడు. ఆసామి చాయ్ తెప్పించాడు. తాత ముట్టలేదు. "చల్లారుతుందయ్యా" అంటాడు ఆయన. "చల్లారనీ. నువ్వు మాటిస్తే చల్లటి చాయ్ గూడ మంచిగుంటది" అంటాడు ఈయన. మూడు కప్పులు చల్లారాయి. నాలుగోది వేడిగా తాగాడు. తిరిగి వస్తూ స్కూటీ మీద, "కడుపుల మంటగా ఉన్నది పిల్లా, జర ఆపు, ఏమన్న తిందాం" అన్నాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది.

ఆయనకు నేను ఎప్పుడూ కృతజ్ఞత చెప్పలేదు. చెబితే ఏమనేవాడో తెలుసు. "ఎన్ని అడుగులున్నది అది?" అనేవాడు. కానీ చీటీ న్యాయమని నేను, పాత ఊరే మంచిదని ఆయన పట్టుబట్టి ఉన్నప్పుడు, బురదలో నిలబడ్డ ఒక మనిషి మమ్మల్నిద్దర్నీ సరిదిద్దింది. తప్పు అందరి ముందూ ఒప్పుకోవడానికి వయసు అడ్డం రాదని ఆయన్ని చూసే నేర్చుకున్నాను. ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగం ఐదోది. అక్కడ ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నా, ముందు చివరన ఎవరున్నారో చూస్తాను.

సూర్యాపేటలో ఆయన దినాలకు కాలనీ నుంచి రెండు ఆటోల నిండా వచ్చారు. తిరిగి వెళ్తూ నన్నూ ఎక్కించుకున్నారు. కొన్ని ఇళ్ళకు స్లాబు పడింది, కొన్ని ఇంకా రేకులే. మరియమ్మకూ సైదమ్మకూ మధ్య గోడ ఒక్కటే. సైదమ్మ గడపలో కూర్చుని నలుగురం చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వాన మొదలైంది. చినుకులు కావు, రేకులు అదిరేంత వాన. సైదమ్మ చెబుతున్న కబురు ఆగింది, ముసలమ్మ ఒక్క క్షణం వానకు చెవి ఒగ్గింది. బాట మీది నీళ్ళు ఎర్రగా, గబగబా ఇంటి ముందు నుంచి దిగి, ఖాళీగా వదిలేసిన జాగల మీదుగా ఒర్రెలోకి జారిపోతున్నాయి.

"ఊ, తర్వాత ఏమైంది?" అంది ముసలమ్మ.

సైదమ్మ ఆగిన చోటు నుంచి చెప్పుకుపోయింది. మరియమ్మ ఇంకో కాయ తీసుకుంది. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూడటానికి ఒక్కరూ లేవలేదు.