పదకొండు మోటార్లకు నేనిచ్చిన స్వాతంత్ర్యం

నిన్న నా తెలివి మా ట్రాన్స్‌ఫార్మర్‌ను ఏం చేసిందో వినండి. ముందు చేతిలో టీ గ్లాసు కింద పెట్టండి, నవ్వితే ముక్కులోకి ఎక్కుతుంది.

నందికొట్కూరు దగ్గర మాకు మూడెకరాల ఎర్రగడ్డ ఉంది, అదే మీ ఉల్లిపాయ. ఇప్పుడు గడ్డ ఊరే సమయం. ఈ వారం నీళ్లు తప్పితే గోలీకాయలు తవ్వుకోవాల్సిందే. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద పదకొండు బోర్లు! అన్నీ ఒక్కసారి లేస్తే అది తట్టుకోలేదు. కాలిపోయిందా, కొత్తది వచ్చేలోపు చేను ఎండుతుంది. అందుకని కరెంటు రాగానే మద్దిలేటి మామ గట్టెక్కి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. పిలిచినవాళ్లే మోటారు వేయాలి. మొదటి పేరు ఎవరిదనుకున్నారు? ఆయనదే!

నేను బడికి పోయింది తక్కువ. కానీ కర్నూలు పాత పేపర్ల అంగడిలో తూకానికి కొన్న పుస్తకాలు అటక నిండా ఉన్నాయి. మొన్న కరెంటు ఇంజనీర్ల పుస్తకం దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడో చాప్టర్ దాకా లాగాను. అందులో ఉంది డీసెంట్రలైజ్డ్ కంట్రోల్! పైనుంచి ఒకడి పెత్తనం అక్కర్లేదు, ఎక్కడి యంత్రం అక్కడి కొలత చూసుకుని తన పని తానే సర్దుకుంటుందట. నాకు కావాల్సిందే అది.

"మామా, ఇంక నీ అరుపులు చాలు. ఎవరి స్టార్టర్ డబ్బాకు వాళ్ల ఓల్టు మీటరు ఉండాది. ముల్లు నాలుగొందలు దాటితే పచ్చ బటన్, మూడొందల యాభై కిందికి పడితే ఎర్ర బటన్. అంతే!"

"అట్లని పుస్తకంలో ఉండాదా మ్మే?"

"ఉండాది. గట్టెక్కి అరవమని మాత్రం యాడా లేదు."

అందరూ సరేనన్నారు. నిన్న పొద్దున కరెంటు వచ్చింది. పదకొండు మంది మీటరు చూశాం. పదకొండు ముళ్లూ నాలుగొందలు దాటి ఉన్నాయి. పదకొండు వేళ్లూ పచ్చ బటన్ నొక్కాయి! మోటార్లు గుయ్యిమన్నాయి, ముల్లు ఢమాల్న మూడొందలకు పడింది. అందరం బుద్ధిగా ఎర్ర బటన్ నొక్కాం. ముల్లు పైకి లేచింది. మళ్లీ పచ్చ. మళ్లీ ఎర్ర. షెడ్డులో బల్బు ఉరుసు లైటు మాదిరి కొట్టుకుంటోంది.

"ఏమ్మే, ఇది కంట్రోలా, ఉయ్యాలా?" తన స్టార్టర్ దగ్గర్నుంచి మామ కేక.

"ఉండు మామా, సర్దుకుంటాండాది!" అని నేనింకా అంటూనే ఉన్నాను.

ఢాం!

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొగ. చేను కంటే ముందు నా నోరు ఎండిపోయింది.

లైన్‌మన్ బాషా బండి మీద వచ్చి, పైకెక్కి చూసి దిగాడు. "శానా అదృష్టం, ఫీజులే పోయినాయి. ఇంతకూ ఎవరిదక్కా ఈ తెలివి?"

పది మంది నా వైపు చూశారు. నేను కూడా వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా ఉన్నారేమోనని.

సంగతంతా విని బాషా తల కొట్టుకున్నాడు. "అందరికీ ఒకే ముల్లు కనపడతాది, అందరూ ఒకేసారి నొక్కితే ఎట్లక్కా? ఒకరు బీడీ తాగి ఎయ్యండి. ఒకరు టీ తాగి ఎయ్యండి. ఎవరి ఆలస్యం వాళ్లకుండాల."

ఇంటికి పోయి నాలుగో చాప్టర్ తెరిస్తే ఏముంది? బాషా చెప్పిందే, లెక్కలతో సహా! పుస్తకం తెచ్చి అందరికీ చదివి వినిపించాను.

అక్కడికక్కడే అందరూ తలా ఒక ఆలస్యం పంచుకున్నారు. నా వంతు మద్దిలేటి మామ తేల్చాడు. "సుంకులమ్మ నన్ను తిట్టేది ముగిసినంక ఏసుకోవాల." పది మందీ విరగబడి నవ్వారు.

మామను తిట్టకుండా అందరికంటే ముందే మోటారు వేయాలని ఈ పొద్దు పంతం పట్టాను. కరెంటు రాకముందే పెదాలు బిగించి స్టార్టర్ ముందు నిలబడ్డాను. లోలోపల తిట్టుకుంటే లెక్కలోకి రాదు కదా! కరెంటు వచ్చింది. ముల్లు నాలుగొందలు దాటింది. పచ్చ బటన్ మీద వేలు పెట్టాను.

"ఏం సుంకులమ్మా, ఇంకా నాలుగో చాప్టరేనా?" అన్నాడు మామ, గట్టు మీది నుంచి. బటన్ మీది వేలు తీసి, అటు తిరిగి నోరు తెరిచాను.

మా ఎర్రగడ్డకు నీళ్లు పారాయి లెండి. మాదే పదకొండో మోటారు.