చప్పుడు లేని మిషన్

దర్జీ నిటారుగా కూర్చోవడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. మిషన్ మీదికి వంగి, కాలు ఆడిస్తూనే కబుర్లు చెబుతాడు. తొడ దగ్గర ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, కాలేయంలోని కణితికి డాక్టర్లు మందు పెట్టాక నిన్ననే ఇల్లు చేరాడు. పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా మంచానికీ గుమ్మానికీ తిరిగి, చివరికి మిషన్ మీదికి వంగాడు. "అన్నయ్య పనిలో పడ్డాడు వదినా, ఇక బెంగ లేదు," అన్నాడు తమ్ముడు. వంటింట్లో ఆమె చెవి ఒగ్గింది. మిషన్ చప్పుడు లేదు. వెళ్ళి చూస్తే సూదిలో దారం లేదు, కాలు కదలడం లేదు.

"ఇలా వంగితేనే కాస్త ఓర్చుకోగలుగుతున్నానే. కడుపులోంచి వీపులోకి పొడుస్తోంది."

మందు కొంత పక్కదారి పట్టి క్లోమం వాచిందని చెప్పి, ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు, నొప్పికి సూది వేశారు. సాయంత్రానికి దుప్పటి కింద అతని కాలు ఆడటం మొదలైంది. అప్పటిదాకా నిలబడే ఉన్న ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.