కొమ్ముల్లేని దీపం

మా మేనత్త చనిపోయిన కబురు కాగజ్‌నగర్‌లో మా పక్కింటివాళ్ల ఫోనుకు వచ్చింది. చేసింది ఆమె పెద్దకొడుకు, నాకు బావ. "అవ్వ జ్యోతిల కలిసిపోయింది మరదలా" అన్నాడు. గొంతులో ఏడుపు ఉంది, అది అబద్ధం కాదు. కానీ ఆ మాట మాత్రం ఆయనది కాదు, ఏ సంతాపం కార్డు మీదో చదివిన మాట. నాకు దుఃఖం కంటే ముందు ఒళ్లు మండింది. మా అత్త సిరిసిల్లలో, తన ఇంట్లో, తన చాప మీద చనిపోయింది. ఏ జ్యోతిలోనూ కలవలేదు. నిజంగానే ఏదో జ్యోతి ఆమెను తీసుకుపోవడానికి వచ్చి ఉంటే, ముందు ఒక గుడ్డ చుట్టుకుని రమ్మని దాన్ని గుమ్మంలోనే ఆపి ఉండేది.

మీలో ఎవరికీ ఆమె తెలియదు. తెలిసి ఉంటే మీలో చాలామంది ఆమెకు నచ్చి ఉండరు కూడా. ఆమెకు చులకన లేని వస్తువు లోకంలో తక్కువ. ప్లాస్టిక్ బిందెలంటే చులకన. తన ఇంటికి బువ్వ పెట్టే మరమగ్గం పాలిస్టరు గుడ్డంటే కూడా చులకనే. "కడితె చెమట లోపట్నే ఉంటది, వాన బయట్నే ఉంటది, గొడుగు లెక్క" అనేది. అన్నిటికంటే ఎక్కువ చులకన కళ్లలో గుచ్చే వెలుగంటే. "కొమ్ములున్న దీపం ఇంట్లకు రావద్దు" అనేది. ఎద్దయినా దీపమైనా కొమ్ములు ముందు పెట్టుకుని వస్తే తప్పుకోవలసింది మనిషే కదా అని ఆమె లెక్క. ఎవరింటికి పోయినా ముందు కరెంటు బుగ్గ, అదే బల్బు, ఎక్కడుందో చూసి, దానికి వీపు పెట్టి కూర్చునేది. నిద్రపోయే పిల్లల పక్కన కూర్చుంటే, మాట్లాడుతూ మాట్లాడుతూనే అరచెయ్యి వాళ్ల కళ్లకు అడ్డం పెట్టేది.

ఆమెకు ఒక్కటే ఫోటో ఉంది. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల ఏడాది పెళ్లయింది. గొడవలు సద్దుమణిగాక మామతో కలిసి కరీంనగర్ స్టూడియోలో దిగింది. ఫోటో తీసేవాడు రెండు పెద్ద దీపాలు వాళ్ల మొహాల మీదికి తిప్పాడట. మామ బుద్ధిగా నిటారుగా నిలబడ్డాడు. అత్త మాత్రం కళ్లు చికిలించి, మూతి బిగించి, వంటింట్లో దూరిన కుక్కను చూసినట్టు చూస్తోంది. ఆ తర్వాత ఎవరు కెమెరా తీసినా కొంగు అడ్డం వచ్చేది.

ఒకసారి కరీంనగర్‌లో భూములున్న మా దూరపు చుట్టం ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచాడు. గోడ గోడకూ లైట్లు, భోజనాల గదిలో గాజు ముక్కలు వేలాడే పెద్ద దీపం. వచ్చినవాళ్లంతా నోళ్లు తెరుచుకుని చూస్తుంటే అత్త తలనిండా కొంగు కప్పుకుని కూర్చుంది. ఇంటావిడ వచ్చి "ఏమైంది వదినా, తల నొస్తున్నదా?" అని అడిగింది.

"లేదమ్మా. గింత మంచిగ కట్టిండ్రు, మనిషి దాక్కునేటందుకు జర జాగ ఇడిస్తే ఇంకా బాగుండు" అంది అత్త.

ఆవిడ దాన్ని మెచ్చుకోలు అనుకుని ఇంకో గారె వేసిపోయింది. నేను నవ్వు ఆపుకోలేక విస్తరిలోకి తల దించుకున్నాను. ఇప్పటికీ అలాంటి ఇళ్లకు పోతే నా చెయ్యి కొంగు వెతుక్కుంటుంది.

ఇదంతా ఒట్టి పొగరని అనుకునేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. వాళ్లకు మామ కళ్ల సంగతి పట్టలేదు. మామ బతుకంతా మరమగ్గాల షెడ్డులో గడిచింది. ట్యూబులైట్ల కింద తెగిన పోగులు వెతికి వెతికి చూపు మసకబారింది. ఎనభైల చివర్లో కళ్ల ఆపరేషన్ అయింది. చూపు వచ్చింది గానీ వెలుగు పడకుండా పోయింది. పగలంతా నల్లద్దాలు. సాయంత్రం కరెంటు పోతే, అది పోని సాయంత్రం ఏది, కందీలు, అదే లాంతరు, మంట ఊగినప్పుడల్లా ఆయన కళ్లలో సూదులు దిగేవి, పొగకు నీళ్లు కారేవి. కందీలు తీసేస్తే చీకటి. అలా ఒక సాయంత్రం గడప తట్టుకుని పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి పొద్దు గూకితే ఆయనను మంచం దిగనిచ్చేవాళ్లు కాదు.

"గోనెసంచి లెక్క ఓ మూలకు పెట్టిండ్రు బిడ్డా నన్ను" అన్నాడు నాతో. అత్త విన్నది. ఆమె ఏమీ అనలేదంటే ఏదో మొదలైందని అర్థం.

అలా కరెంటు పోయిన వేళలోనే ఆమెకు అది కనబడింది. సెల్లుల రేడియో మూలన మక్కజొన్న గింజంత ఎర్ర బుగ్గ. పొగ లేదు, వేడి లేదు, గాలికి ఊగదు. మర్నాడు, చుట్టపుచూపుగా వచ్చి ఉన్న నన్ను వెంటబెట్టుకుని రేడియోలు బాగుచేసే దుకాణానికి పోయి, అలాంటి బుగ్గలు కావాలంది.

"గది దీపం కాదమ్మా. రేడియో నడుస్తున్నదని చెప్పేటందుకు గుర్తు, గంతే" అన్నాడు దుకాణం మనిషి.

"మనిషి నడుస్తుండని చెప్పేటందుకు పనికిరాదా?"

అతను నవ్వి కొన్ని వెతికి తీశాడు. ఎర్రవి వద్దంది, దొంగకన్ను లెక్క ఉన్నయట. పసుపు రంగువి ఏరుకుంటే, వాటిని సెల్లులకు తగ్గట్టు తీగలతో అతికి ఇచ్చాడు.

ఇంటికి తెచ్చి వెలిగిస్తే గది మధ్యలో ఒక పసుపు చుక్క కనబడింది, అంతే. ఎదురుగా చూస్తే కంట్లో గుచ్చుతుంది, పక్కకు జరిగితే ఏమీ లేదు. మామ మొహం తిప్పుకున్నాడు. "పుట్టింది మక్కగింజంత, అప్పుడే దీనికి కొమ్ములు" అని అత్త దాన్ని తిట్టింది. వెలుగు లేక కాదు, ఉన్న కాస్తా ఒకే దిక్కుకు పోగై పరుగెడుతోందని ఆమెకు అర్థమైంది. దాన్ని పరవాలి.

నేతింటి మనిషికి పరవడమంటే గుర్తొచ్చేది గుడ్డే. పల్చటి నూలుగుడ్డ తీసుకుంది. గుడ్డ బిగువుగా నిలబడాలంటే నేతింట్లో ఏం చేస్తారు? గంజి పెడతారు. మగ్గం మీది పడుగు పోగులకు పెట్టినట్టే చిక్కటి బియ్యపు గంజి పెట్టి, చెంబు మీద ఆరేసి, ఒక బుట్టలా తయారుచేసింది. దాని లోపల బుగ్గ పెడితే వెలుగు నిజంగానే మెత్తబడింది. ఇక ఆమె గొప్పలు అన్నీ ఇన్నీ కావు, వాడకట్టు మొత్తానికీ చూపించింది. కొద్ది రోజులకే ఒక సాయంత్రం మామ కేక పెట్టాడు.

"ఏమే! గోడ మీద మేకలమంద పోతున్నదే!"

గంజికి చీమలు పట్టాయి. బుట్ట లోపల చీమ నడిస్తే గోడ మీద మేకంత నీడ నడుస్తోంది. "దీపానికి గూడ బువ్వ పెట్టినవా?" అని మామ పడీ పడీ నవ్వాడు. ఆపరేషన్ తర్వాత ఆయన అలా నవ్వడం అదే మొదలు. అత్త బుట్టను పెరట్లోకి విసిరేసి, గంజిని తిట్టి, చీమల వంశాన్ని తిట్టి, నవ్వుతున్నందుకు నన్ను కూడా తిట్టింది.

అప్పుడు నాకు, దీనికి కాగితమే మందు అన్న గర్వం వచ్చింది. మా ఆయన పనిచేసేది కాగితం మిల్లులో. మళ్లీ సిరిసిల్ల పోయినప్పుడు రకరకాల కాగితాలు చుట్టగా కట్టి తీసుకుపోయాను. దళసరిది వెలుగును మింగేసింది. పల్చటిదాంట్లోంచి ఆ చుక్క అలాగే గుచ్చింది. మధ్యరకం గొట్టంలా చుట్టి బుగ్గకు కొంచెం దూరంగా నిలబెడితే బాగానే ఉంది గానీ, మామ చెయ్యి తగిలినప్పుడల్లా బోర్లాపడేది. "మీ కాగజ్‌నగర్ కాగితం పెండ్లి పత్రికలకు మంచిగుంటది బిడ్డా" అంది అత్త. రైలూ బస్సూ మారి మోసుకొచ్చినందుకు నాకు దక్కిన మర్యాద అది.

చివరికి మామ పడిన ఆ గడపరాయి మీదే కూర్చుని, ఒక బుగ్గ నున్నటి తలను రాయికేసి రుద్దడం మొదలుపెట్టింది. "మెరిసినన్ని దినాలు పొగరు పోదు దీనికి" అంటూ రుద్దింది. మొదటిదాన్ని మరీ రుద్ది పాడుచేసింది. రెండోదాని తల గరుకెక్కి పాలలా తెల్లబడింది. వెలిగిస్తే ఆ సూది లేదు, వెలుగు పక్కలకు కూడా జారింది. మిగతావాటికీ అదే గతి పట్టించి, అన్నిటినీ సున్నం వేసిన గోడగూట్లో పెట్టింది. వాటి మొహాలు మా వైపు కాదు, లోపలి గోడ వైపు తిప్పింది. మా వైపు ఒక పాలడబ్బా తెల్లమూత అడ్డం పెట్టింది.

"వెలుగు గోడకు చెప్పాలె. గోడ మనకు చెప్తది" అంది.

గూడు నిండా లేత పసుపు నిండి, అక్కడినుంచి గదిలోకి మెల్లగా వచ్చింది. గడప కనబడింది. నీళ్ల కడవ కనబడింది. మామ నల్లద్దాలు తీసి చాలాసేపు చూశాడు.

"దీపమేదే?" అన్నాడు.

"ఎందుకు?"

"దీపం కనబడుతలేదు. నువ్వు కనబడుతున్నవ్."

"గట్లనే ఉండాలె" అని అత్త లేచి పొయ్యి దగ్గరకు పోయింది. ఆ సాయంత్రం మామ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గడప దాటి, కడవలో గ్లాసు ముంచుకుని నీళ్లు తాగాడు. అత్త అటు తిరిగి ఉన్నా, ఆ గ్లాసు చప్పుడు అయ్యేవరకు ఆమె చేతిలో గరిటె కదలలేదు. నేను చూశాను. ఆమె ఎవరినైనా ఎంత ప్రేమించగలదో నాకు ఆ గరిటె చెప్పింది.

తర్వాత కొన్నేళ్లకు బావ వేములవాడ దారిలో లైట్ల దుకాణం పెట్టాడు. వేములవాడ రాజన్న దేవుడి పటాల చుట్టూ చిన్న చిన్న లైట్లు అతికి అమ్మేవాడు. అవి కుడికి పరుగెడతాయి, ఎడమకు పరుగెడతాయి. యాత్రికులు ఎగబడి కొనేవాళ్లు. అత్త ఆ దుకాణానికి ఒకసారే పోయింది.

"రాజన్నను సర్కస్‌ల కూసోబెట్టినవా కొడుకా? నేను పోయినంక నన్ను గిట్ల కూసోబెట్టినవో, లేచొస్త" అని వచ్చేసింది. బావ అది తమాషా అనుకున్నాడు. ఆమె మాటల్లో తమాషా ఏదో, తాకీదు ఏదో ఆయనకు ఎన్నడూ తెలిసింది కాదు.

దినాల రోజు నేను పోయేసరికి అనుకున్నంతా అయింది. ముందుగదిలో బల్ల మీద అత్త. ఆ స్టూడియో ఫోటోనే పెద్దది చేయించారు. పక్కనున్న మామను కత్తిరించేశారు, ఆయన భుజం మాత్రం ఒక అంచున మిగిలింది. చట్రం చుట్టూ ఎర్రవీ ఆకుపచ్చవీ లైట్లు పరుగెడుతున్నాయి, ఉన్నట్టుండి అన్నీ ఆరిపోయి మళ్లీ ఒక్కసారే వెలుగుతున్నాయి. వచ్చినవాళ్లు "కొడుకు మస్తు చేయించిండు" అంటున్నారు. బతికుండగా ఆమె నోటికి జడిసి ఆ గడప తొక్కనివాళ్లు "దేవత" అంటున్నారు. ఫోటోలో కొత్తపెళ్లికూతురు మూతి బిగించి వాళ్లందరినీ చూస్తోంది. వాళ్లకు ఆ చూపు అందలేదు.

మామ అదే గదిలో స్టూలు మీద, నల్లద్దాలు పెట్టుకుని, పటానికి వీపు పెట్టి గోడకేసి కూర్చుని ఉన్నాడు. పాపం దుఃఖంతో చూడలేకపోతున్నాడని చుట్టాలు గుసగుసలాడుతున్నారు. నేను పోయి పక్కన కూర్చున్నాను.

"గిటు తిరుగవా మామా?"

"తిరిగితే లైట్లే కనబడుతున్నయ్ బిడ్డా. ఆమె కనబడుతలేదు. పొద్దటి సంది చూస్తున్న, ఎక్కడున్నదో దొరుకుతలేదు."

నేను లేచి బావ దగ్గరకు పోయాను. "లైట్లు బంద్ చెయ్యి బావా."

"దినాల నాడు అవ్వను చీకట్ల పెడుతమా మరదలా? ఎన్ని తీర్ల ఎలుగుతదో చూడు" అని వెనకనున్న మీట నొక్కి ఇంకో రకం పరుగు చూపించాడు. అదీ ప్రేమేనని నాకు తెలుసు. తెలిసినా నా చులకన తగ్గలేదు.

ఇక అడగడం మానేశాను. పటం కిందికి దించి వెనక మేకులు ఊడదీశాను. ఒక ముసలావిడ "అయ్యో, పటం బోర్లించద్దు" అంది. అననిచ్చాను. ఫోటో బయటికి తీసి, బల్లను గది మూలకు జరిపి, ఖాళీ చట్రం మొహం ఒక గోడకు తిప్పాను. పక్క గోడకు అత్తను ఆనించాను. బయట పొద్దు వాలింది. ఎరుపూ ఆకుపచ్చా సున్నం మీద కలిసి, ఎక్కడినుంచి వచ్చిందో తెలియని లేత పసుపు రంగై ఆమె మొహం మీదికి వచ్చింది. పరుగు మాత్రం ఆగలేదు, గోడ మీద అలలు పోతున్నాయి. బావ కాసేపు అటే చూశాడు. తర్వాత తనే వచ్చి, వంగి, మీట నొక్కి వెలుగును నిలకడగా పెట్టి, పక్కకు జరిగాడు.

మామ ఇటు తిరిగాడు. నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. స్టూలు బల్ల దాకా జరుపుకుని, చెయ్యి చాచి, ఫోటో అంచున మిగిలిన భుజం మీద వేలు పెట్టాడు.

"గిది నేనే" అన్నాడు ఎవరికో చెబుతున్నట్టు.

ఆమె ఇంకా కళ్లు చికిలించే ఉంది. ఆ భుజాన్ని వేలితో మెల్లగా తుడుస్తూ, ఆయన ఆమె మొహంలోకి వంగాడు.

"దీపమేదే?" అని అడిగాడు.