పాస్టరుగారి పందిరి సంచి

కుట్టుపని చేసే సలోమి బ్లేడుతో సంచి మీది పాత టేపు గీకేస్తోంది. లోపలే పడుకునే వీలున్న పాస్టరుగారి క్యాంపర్ బండి పక్కన తగిలించి, చుట్టిన పందిరిగుడ్డను దాచే పొడవాటి సంచి అది. మాయో కౌంటీ వానలకు చివికిపోయింది.

"ఈ టేపు ఎవరేశారయ్యగారూ?"

"నేనేనమ్మా, విశ్వాసంతో."

"విశ్వాసం బానే ఉంది, జిగురే చాల్లేదు."

రేపు సంఘం పిల్లలతో అకిల్ దీవికి ప్రయాణం. దారిలో సంచి చిరిగితే పందిరి గాలికి పోతుంది, పిల్లలు తడిసిపోతారు. ఆయన ప్రార్థనకు కళ్లు మూసుకోగానే సలోమి కొత్త రెగ్జిన్ కొస ఆయన చేతిలో పెట్టింది.

"కళ్లు మూసుకోండి, పట్టు మాత్రం వదలకండి."

గుండుసూది గుచ్చితే రెగ్జిన్‌కు చిల్లు మిగిలిపోతుందని, బట్టలారేసే క్లిప్పులు పెట్టి రెండు వరుసలు కుట్టింది. కొత్త జిప్పును ఈ కొస నుంచి ఆ కొసకు లాగి చూసి, సంచి అప్పగించింది.

"కుట్టు ఊడితే నన్నడగండి. వానొస్తే పైనున్న మీ యజమానిని అడగండి."