చేతికర్ర బయట, పిస్తోలు లోపల

మా తాత సంస్థానానికి దివాను. మా నాన్న వస్తే కచేరీ అంతా లేచి నిలబడేది. ఆ ఇంటివాణ్ణి, రంగూన్ మునిసిపల్ హాలులో తెలుగు నాటకానికి వెళితే, చేతికర్ర బయట పెట్టమన్నారు. నా ముందే సెలవులో ఉన్న సార్జెంటు ఒకడు నడుముకు పిస్తోలుతో దర్జాగా లోపలికి పోయాడు.

"మరి అతన్ని ఆపవేం?" అన్నాను.

కాపలావాడు శ్రీకాకుళం మనిషి. "ఆయన పోలీసు బాబూ."

"ఇప్పుడు డ్యూటీలో లేడుగా! ఈ హాలు కట్టింది మీ పన్నులతో కాదూ?"

"మా పన్నులే. ఏటి సేత్తాం? తవరు ఎవరి మనవలో ఇక్కడ ఎవులూ అడగరు. కర్ర లోపలికెలితే నా నౌకరీ పోతాది."

అతని కోసమే ఇచ్చాను. నాటకమంతా ఆ పిస్తోలునే చూస్తూ పళ్లు కొరుకుతూ కూర్చున్నాను. వాళ్లు భయపడింది ఉత్త కట్టెకు. దాని వెండి పిడి ఓడ టిక్కెట్టు కోసం విశాఖపట్నంలోనే అమ్మేశాను.